ఇంటిపనికి ఇచ్చు జీతము

ఒక ఇంటివారు తమ ఇంటిపనిని జీతమిచ్చి మరియొకరిచేత చేయించుకొనుట చాల సామాన్యమైన విషయము. అంత సామాన్యమైనది గనుకనే దానిని గూర్చి మనము ఎక్కువగా ఆలోచింపము. పాఠశాలలో గణితము, చరిత్ర, పౌరశాస్త్రము చదువు పిల్లవాడు ఈ మూడింటికిని సంబంధించిన ఒక పాఠము ప్రతిదినము తన ఇంటి పెరటిలోనే జరుగుచుండుటను చూచుచున్నాడు. ఆ పాఠమును వానికి నేర్పువారు తల్లిదండ్రులే. అందువలన ఈ సంవత్సరపు సంచికలో ఈ విషయమును వారి యెదుట ఉంచుచున్నాము.

మన పాఠశాలలకు ఈ విషయము మరింత దగ్గరిది. కోవిల్‌పట్టి, విరుదునగరము ప్రాంతములలో తెలుగు ఇంటిభాషగా గలవారందరును ఒకే వృత్తివారు గాని, ఒకే స్థితివారు గాని కారు. భూములు గల రైతులున్నారు, వర్తకులున్నారు, మిల్లులలోను, అగ్గిపెట్టెల కర్మాగారములలోను పనిచేయువారున్నారు, వీధులు శుభ్రపరచువారున్నారు, ఇండ్లలో అంట్లు తోమి కుటుంబమును పోషించు తల్లులున్నారు. పని చేయించుకొను ఇల్లాలును, పని చేయు స్త్రీయు తమ తమ ఇండ్లలో తెలుగే మాటలాడుట ఇచ్చట వింత కాదు. వారి పిల్లలు ఒకే తరగతిలో కూర్చుండి ఒకే తెలుగు వాచకమును చదువవచ్చును. ఒకరి తల్లిని మరియొకరి ఇంట ఏ మాటతో పిలుతురో, ఏ పాత్రలో కాఫీ ఇత్తురో ఆ పిల్లలిద్దరికిని తెలియును. మాతృభాష మనలను కలుపునని సభలలో చెప్పుకొనుట సులభము. ఆ కలయిక నిజమగునదియు, కాకపోవునదియు ఇట్టి చోటులందే.

వెనుకటి పద్ధతి

వాననే నమ్ముకొన్న ఈ నల్లరేగడి నేలను తమిళమున కరిసల్ అందురు. ఈ కరిసల్ పల్లెలలో పూర్వము పనికి రొక్కమిచ్చుట తక్కువ. పంట కళ్లమునకు వచ్చినప్పుడు సజ్జలు, జొన్నలు కొలిచి ఇచ్చెడివారు. చాకలికి, మంగలికి, వడ్రంగికి, కమ్మరికి పంటవేళ ఇచ్చు గింజలను తెలుగున మేర అందురు. ఇంటిలోను, పశువుల కొట్టములోను ఏడాది పొడవున పనిచేయు మనిషికి పూటపూటకు సంకటియు, పండుగకు బట్టయు, ఏటికి కొలిచిన గింజలును ముట్టెడివి.

ఈ పద్ధతిలో ఒక మేలు లేకపోలేదు. అంగటిలో ధర ఎంత పెరిగినను, కొలిచి ఇచ్చిన గింజలు ఆకలి తీర్చెడివి. కాని గంటలకు లెక్క లేదు. పని ఇంత అని హద్దు లేదు. తండ్రి చేసిన అప్పునకు కొడుకును, తల్లి చేసిన పనికి కూతురును కట్టుబడుచుండిరి. ఏ పని ఎవరు చేయవలెనో కులమే నిర్ణయించుచుండెను. పెరటి గుమ్మము దాటి లోనికి రాగూడని మనిషియే ఆ ఇంటి మలినమునంతను ఎత్తవలసి యుండెను. అస్పృశ్యతను మన రాజ్యాంగపు 17వ అధికరణము రద్దుచేసినది. అప్పునకు బదులుగా చేయించుకొను వెట్టిచాకిరిని 1976 నాటి చట్టము నిషేధించినది. చట్టముచే పోయినది అలవాటుచే మరల పెరటిదారిని వచ్చునేమో చూచుకొనవలసిన బాధ్యత మాత్రము ఇంటివారిదే.

మాటలలోని అర్థము

ఈ విషయమునకు సంబంధించిన తెలుగు మాటలను పిల్లలకు వివరించుట మంచిది. జీతము అను మాట జీవితము అను సంస్కృత శబ్దమునుండి పుట్టినది. మనిషి బ్రదుకుటకు ఆధారమైనది గనుక అది జీతమైనది. బత్తెము అనునది దినపు తిండికై ఇచ్చునది. జీతబత్తెములు అని రెంటిని జోడించి పలుకుటలోనే ఒకటి మరియొకటి కాదను తెలివి ఇమిడియున్నది. మిగిలిన కూరయు, పాత చీరయు బత్తెము కోవలోనివే కాని జీతములోనికి లెక్కకు రావు. కూలి అను మాట తెలుగునకును తమిళమునకును ఉమ్మడి సొత్తు. తమిళులు వాడుకచేయు సంబళము అను మాట కూడ తెలుగు నిఘంటువులలో జీతమను అర్థముతోనే కలదు; కనుక మన పిల్లలు దానిని పలికినచో తప్పు తెలుగని గద్దింపనక్కరలేదు.

పనిమనిషి అను మాటను కూడ గమనింపుడు. అందు పని సగము, మనిషి సగము. పనిని మాత్రము చూచి మనిషిని మరచినచో ఆ మాటను సగమే పలికినట్లు.

లెక్కకు అందని పని

1923లో శివకాశిలో అగ్గిపెట్టెల పరిశ్రమ నాటుకొన్నది. అయ్య నాడార్, షణ్ముగ నాడార్ అనువారు కలకత్తాకు పోయి ఆ పనిని నేర్చుకొనివచ్చి దానికి పునాది వేసిరి. తరువాత అది సాత్తూరు, కోవిల్‌పట్టి ప్రాంతములకు వ్యాపించినది. కోవిల్‌పట్టిలో నూలుమిల్లులు వెలసినవి. విరుదునగరము పప్పుదినుసులు, నూనెలు, మిరపకాయల వర్తకమునకు పేరుపొందినది. వాన చాలని నేలలో స్త్రీల చేతికి రొక్కపు కూలి వచ్చిన మార్గములలో ఇవి ముఖ్యమైనవి.

అగ్గిపుల్లలను చట్టములో పేర్చు స్త్రీకి తాను ఎన్ని చట్టములు నింపినదో తెలియును. ఇంటిలో కూర్చుండి పెట్టెలు అంటించు స్త్రీకి ఎన్ని పెట్టెలైనవో తెలియును. ఆ కూలి చాలక పోవచ్చునే కాని లెక్క యనునది ఒకటి కలదు. అదే వీధినుండి ఇంటిపనికి పోవు స్త్రీకి ఆ లెక్కయు లేదు. ఏలయన ఆమె చేసిన పని మరునాటికి కనబడదు. తోమిన గిన్నెలు తెల్లవారునప్పటికి మరల అంట్లగును. ఊడ్చిన వాకిట మరల దుమ్ము పేరుకొనును. నీటి ఎద్దడి గల మన ఊళ్లలో కొళాయి వచ్చిన వేళకు బిందెలు నింపుటయు ఆమె పనిలోనే కలిసిపోవును. అది ఏ వేళ వచ్చునో ఎవరికిని తెలియదు గనుక ఆమె వేళకును హద్దు ఉండదు.

ఈ పనికి విలువ తక్కువగుటకు మరియొక కారణము మన ఇండ్లలోనే ఉన్నది. ఇల్లాలు ఊరక చేయు పనిని మనము పనిగా ఎంచము. భారత ప్రభుత్వము 2024లో జరిపిన కాలవినియోగ పరిశీలన ప్రకారము, ఇంటిపని చేయు స్త్రీలు అందుకై దినమునకు సగటున 289 నిమిషములు వెచ్చించుచుండగా, అట్టి పని చేయు పురుషులు 88 నిమిషములే వెచ్చించుచున్నారు. తల్లి చేయునప్పుడు దానికి వెల లేదని తలంచువారు, మరియొక స్త్రీ అదే పనిని చేయునప్పుడు ఎక్కువ వెల కట్టుదురా? 2023 సెప్టెంబరు 15న తమిళనాడు ప్రభుత్వము అర్హులైన గృహిణులకు నెలకు 1,000 రూపాయలిచ్చు పథకమును ఆరంభించినప్పుడు, దానికి సహాయమని గాక హక్కుసొమ్ము అని పేరుపెట్టినది. ఇంటిపనియు పనియే అను భావము ఆ పేరులో కలదు.

ఒక చిన్న లెక్క

2018లో తమిళనాడు ప్రభుత్వము ఇంటిపనివారికి కనీస వేతనమును నిర్ణయించినది. నైపుణ్యము అక్కరలేని పనికి గంటకు 37 రూపాయలకు తగ్గరాదనుట ఆ నిర్ణయము. దానిని ఆధారముగా గైకొని ఒక లెక్క చేయుదము.

ఒక స్త్రీ ఒక ఇంట దినమునకు గంటన్నర పనిచేయుననుకొందము. దినమునకు 55 రూపాయల 50 పైసలు. 30 దినములకు 1,665 రూపాయలు. ఆ ఇంటివారు నెలకు 1,000 రూపాయలు మాత్రమే ఇచ్చినచో, ఆమె పనిచేసిన 45 గంటలకు గంట ఒక్కింటికి 22 రూపాయల చిల్లర పడినట్లు. నెలకు వేయి అని వినునప్పుడు తక్కువగా తోచని మొత్తము గంటలలోనికి మార్చగానే తన నిజరూపమును చూపును. 37 రూపాయలనునది 2018 నాటి కనీసపు హద్దు మాత్రమే. అప్పటినుండి బియ్యము, నూనె, ఇంటి అద్దె ఎంత పెరిగినవో తల్లిదండ్రులకు మేము చెప్పనక్కరలేదు.

ఇక రెండవ లెక్క. ఆమె అట్టివే నాలుగు ఇండ్లలో పనిచేయుచున్నది. ఒక్క దినము జ్వరము వచ్చి రాలేకపోయినది. ప్రతి ఇంటివారును తమ ఒక్క దినపు జీతమునే తగ్గించుకొందురు. 55 రూపాయల 50 పైసలు తమకు పెద్ద మొత్తము కాదనియు, న్యాయమే జరిగినదనియు అనుకొందురు. కాని నాలుగు ఇండ్లలో కలిపి ఆమెకు తగ్గినది 222 రూపాయలు. మందు ఖర్చు దానికి వేరు. కార్యాలయములో పనిచేయు ఇంటి యజమానికి అదే జ్వరము వచ్చినచో జీతముతో కూడిన సెలవు దొరకును. ఒకే జ్వరము ఒకరికి విశ్రాంతిని, మరియొకరికి అప్పును తెచ్చుచున్నది. ఈ భేదమును తీర్చుట ప్రతి ఇంటికిని చేతనైన పనియే.

పిల్లల సంగతి

పనికి వచ్చునది చిన్నపిల్లయైనచో జీతము ఎంత అను ప్రశ్నయే పుట్టరాదు. ఈ విషయమున మన ప్రాంతమునకు మంచి చరిత్రయు, చెడ్డ చరిత్రయు రెండును కలవు.

విరుదునగరములో పుట్టిన కామరాజు ముఖ్యమంత్రిగా నున్నప్పుడు, 1956లో, కోవిల్‌పట్టికి సమీపమందలి ఎట్టయపురములో పాఠశాల పిల్లలకు మధ్యాహ్న భోజన పథకమును ప్రారంభించెను. తిండి దొరకునని పిల్లను ఒకరి ఇంట పనికి ఉంచు తల్లికి, అదే తిండి బడిలో దొరకునట్లు చేయుట దానివలని గొప్ప ఫలము. తెల్లవారకమునుపే పరుల ఇంట వంటకు పోవు తల్లుల పిల్లలు ఆకలితో బడికి పోవలసిన స్థితిని తగ్గించుటకు, 2022 సెప్టెంబరు 15న మదురైలో ఉదయపు ఉపాహార పథకము ఆరంభమైనది.

మరియొకవైపు, అగ్గిపెట్టెల పరిశ్రమలో పిల్లల పని దేశమంతట అపకీర్తి తెచ్చినది. ఆ పనిలో పిల్లలను ఉంచరాదని 1986 నాటి చట్టము నిషేధించినది. శివకాశి పిల్లల విషయమై వచ్చిన వ్యాజ్యములో 1996 డిసెంబరు 10న సుప్రీంకోర్టు తీర్పు చెప్పినది. నిషేధమును మీరి పనిలో ఉంచుకొన్న పిల్లలలో ఒక్కొక్కరికి 20,000 రూపాయల చొప్పున యజమాని చెల్లింపవలెనని ఆ తీర్పులోని ఆదేశములలో ఒకటి. కాని ఇండ్లలో పనిచేయు పిల్లలను ఆ చట్టము కాపాడుటకు ఇరువది సంవత్సరములు పట్టినది. పదునాలుగేండ్లలోపు పిల్లలను ఇంటిపనిలో ఉంచుకొనరాదను నిషేధము 2006 అక్టోబరు 10 నుండి అమలైనది. కర్మాగారము అందరికిని కనబడును. ఇంటి తలుపు మూసికొనును. అందుచేతనే ఈ ఆలస్యము. 2016 సవరణతో, సొంత కుటుంబమునకు బడివేళల వెలుపల చేయు సహాయము మున్నగు కొద్ది మినహాయింపులు తప్ప, పదునాలుగేండ్లలోపు పిల్లలచేత ఏ పనియు చేయింపరాదు. తల్లికి బాగులేనప్పుడు ఆమెకు బదులుగా కూతురును పంపుట కొన్నిచోట్ల కనబడుచున్నది. ఆ కూతురు మన పాఠశాలలోనే హాజరుపట్టికలో గైర్హాజరుగా నమోదగును. పనిలేక పోయినను సరియే, పిల్లను బడికి పంపుడని చెప్పుట ఇంటివారి విధి.

చట్టము చెప్పునది

శరీరశ్రమతో జీవించువారికై తమిళనాడు 1982లో ఒక చట్టము చేసినది. దాని క్రింద 2007లో ఇంటిపనివారికి ప్రత్యేకముగా సంక్షేమ మండలి ఏర్పడినది. సభ్యులైనవారికి పిల్లల చదువునకు, వివాహమునకు, ప్రసవమునకు, కండ్లద్దములకు, ప్రమాదము సంభవించినప్పుడు, వృద్ధాప్యమున పింఛనుగాను సహాయములు కలవు. కార్మిక శాఖవారి జిల్లా కార్యాలయములో వివరములు తెలియును. ఈ పత్రికను చదువు తల్లులలో ఇంటిపని చేయువారు ఉన్నచో పేరు నమోదు చేసికొనవలెనని మేము కోరుచున్నాము. పని చేయించుకొనువారు ఆ దరఖాస్తు నింపుటకు సహాయపడవలెనని అంతకంటె ఎక్కువగా కోరుచున్నాము. 2013లో వచ్చిన చట్టము, పనిచోట స్త్రీలను లైంగికముగా వేధించుటను శిక్షింపదగినదిగా చేయుచు, ఇంటిని కూడ పనిచోటుగానే పేర్కొన్నది.

ఇది మన దేశపు సమస్య మాత్రమే కాదు. 2021లో అంతర్జాతీయ కార్మిక సంస్థ ప్రకటించిన అంచనా ప్రకారము లోకములో ఇంటిపనివారు 7 కోట్ల 56 లక్షలమంది. వారిలో నూటికి 76 మంది స్త్రీలు. ఆ సంస్థ 2011 జూన్ 16న జెనీవాలో, ఇంటిపనివారికిని ఇతర కార్మికులవలెనే పనివేళలు, వారపు సెలవు, వేతనము ఉండవలెనని 189వ ఒడంబడికను ఆమోదించినది. భారతదేశము అప్పుడు దానికి అనుకూలముగా ఓటువేసినను ఇంకను ధ్రువీకరింపలేదు. ఇంటిపనివారి రక్షణకు తగిన చట్టవ్యవస్థను పరిశీలించుటకు నిపుణుల సంఘమును ఏర్పరుపుమని 2025 జనవరి 29న సుప్రీంకోర్టు కేంద్ర ప్రభుత్వమును ఆదేశించినది.

కువైటులోని తెలుగు స్త్రీలు

ఒక విషయము మన మనస్సున నాటుకొనవలెను. ఆంధ్రప్రదేశములోని కడప ప్రాంతమునుండియు, గోదావరి మండలములనుండియు అనేకమంది తెలుగు స్త్రీలు కువైటు మొదలగు దేశములకు ఇంటిపనికై పోవుచున్నారు. కన్నపిల్లలను అవ్వవద్ద విడిచి, పరుల పిల్లలను ఎత్తి పెంచి, ఆ జీతముతో ఇల్లు కట్టించి, కూతుండ్ర పెండ్లిండ్లు చేసినవారు వారిలో కలరు. విశ్రాంతి లేక, జీతము అందక, పాస్‌పోర్టు యజమానివద్ద చిక్కుకొని, తిరిగివచ్చు దారి కానక బాధపడినవారును కలరు.

అట్టి కష్టములను గూర్చి పత్రికలలో చదివినప్పుడు మన హృదయము కరగును. అక్కడి యజమానులను నిందింతుము. కువైటు 2015లో ఇంటిపనివారికై 68వ సంఖ్యగల చట్టము చేసినది. దినమునకు 12 గంటలకు మించరాదు. వారమునకు ఒక దినము సెలవు. ఏటికి 30 దినముల జీతపు సెలవు. పాస్‌పోర్టును యజమాని ఉంచుకొనరాదు అని అందులో కలదు. 2016లో కనీస జీతము నెలకు 60 దినారులుగా నిర్ణయింపబడినది. ఆ చట్టము అంతట సరిగా అమలగుచున్నదని మేము చెప్పము. కాని అక్కడి మన స్త్రీకి వారమునకొక సెలవు కావలెనని కోరు మనము, మన పెరటిలో అంట్లు తోము స్త్రీకి నెలకు ఎన్ని సెలవులు ఇచ్చుచున్నామో లెక్కించుకొనవలదా? మనవారు దూరదేశమున పొందవలెనని మనము కోరు న్యాయమును మన ఇంట ముందుగా జరుపుటయే ధర్మము.

ఇంట పాటింపదగినవి

ఇందుకు పెద్ద ధనము అక్కరలేదు. మాకు ముఖ్యముగా తోచినవి ఇవి:

1. పనిలో చేరునాడే ఏ పనులు, ఎన్ని గంటలు, ఎంత జీతము అనునవి మాటలాడి, ఒక చిన్న పుస్తకములో వ్రాసి ఇరువురును చూచుకొనవలెను.

2. జీతము ప్రతినెల నిర్ణయించిన తేదీననే ఇవ్వవలెను. అడిగించుకొని ఇచ్చుట జీతమును బిచ్చముగా మార్చును.

3. వారమునకొక సెలవును, జబ్బుచేసినప్పుడు ఏటికి కొన్ని దినముల సెలవును జీతము తగ్గింపక ఇవ్వవలెను.

4. చుట్టములు వచ్చినప్పుడు, పండుగలప్పుడు, శుభకార్యములప్పుడు పెరిగిన పనికి వేరుగా లెక్క కట్టవలెను. దీపావళికి ఇచ్చు చీర ప్రేమకు గుర్తు; అది ఎక్కువ పనికి కూలి కాదు.

5. కాఫీకి వేరు గ్లాసు, కూర్చుండుటకు వేరు చోటు ఉండరాదు. తినదగిన అన్నమునే పెట్టవలెను.

6. పిల్లలు ఆమెను వయస్సునుబట్టి అక్క, చిన్నమ్మ, అవ్వ అని పిలువవలెను. అయితే వరుస కలిపినంత మాత్రమున జీతము తగ్గింపరాదు. ఇంటిమనిషివంటిది అని చెప్పి లెక్కను మరపించుట కూడ ఒకవిధమైన అన్యాయమే.

7. తన కంచమును తాను కడుగుట, తన పడకను తాను చుట్టుట మగపిల్లలకును నేర్పవలెను. చేతితో ఆ పనిని చేసినవానికే దాని విలువ తెలియును.

జీతమిచ్చి పని చేయించుకొనుట తప్పు కాదు. ముసలివారు మంచమునబడిన ఇంట, భార్యాభర్త లిరువురును ఉద్యోగమునకు పోవు ఇంట అది అవసరము. దానివలన మరియొక ఇంట పొయ్యి వెలుగును; మరియొక బిడ్డకు పుస్తకములు వచ్చును. సరియైన జీతము, సరియైన మాట ఉన్నప్పుడు అది ఇరువురికిని గౌరవమైన ఒప్పందము.

పిల్లలతో కలిసి చేయదగిన అభ్యాసము

1. మీ ఇంట పనిచేయువారు దినమునకు ఎన్ని నిమిషములు పనిచేయుదురో ఒక వారము వ్రాసి, గంటకు ఎంత జీతము పడునో లెక్కకట్టుడు.

2. మీ తల్లి ఆదివారమునాడు చేసిన పనులన్నిటిని వరుసగా వ్రాయుడు. అదే దినమున తండ్రియు, మీరును చేసినవి పక్కన వ్రాయుడు.

3. జీతము, బత్తెము, మేర, కూలి అను మాటలను వాక్యములలో ప్రయోగింపుడు.

4. మీ అవ్వ కాలమున ఇంటిపనికి ఏమి ఇచ్చెడివారో అడిగి తెలిసికొనుడు.

5. మీ తల్లియే ఒక ఇంట పనిచేయుచున్నచో, ఆమెకు ఏ విధముగా జరుగవలెనని కోరుదురో ఐదు వాక్యములలో వ్రాయుడు. ఆమె నిజముగా అట్లు పనిచేయుచున్నచో ఈ ప్రశ్నకు ఉత్తరమును ఆమెనే అడిగి వ్రాయుడు.

ఈ ఉత్తరములను పత్రికకు పంపనక్కరలేదు. తల్లిదండ్రులు ఇంటిలో సరిచూచిన చాలును.